పీఠం ఖాళీగా ఉన్న నెలలు

తెనాలి,
ఆదివారం

నాయనా,

నీ నవల ప్రింటు తీయించి మీ మేనమామ మా ఇంట్లో ఇచ్చి వెళ్లి నెలన్నర దాటింది. 412 పేజీలు. కంటి ఆపరేషన్ అయ్యాక రోజుకి పది పేజీలకి మించి చదవలేకపోతున్నాను, అందుకే ఈ ఆలస్యం. 185 పేజీలు నిదానంగానే చదివాను. 186వ పేజీ మూడో పేరా దగ్గర పెన్సిలు విసిరేశాను. అది మంచం కిందకి దొర్లిపోయింది. వంగి తీసే ఓపిక లేక ఆ పూటకి చదవడమే ఆపేశాను.

ఆ వాక్యం నీకు గుర్తుందో లేదో. ఇదిగో:

"1293లో పోపుగారి ప్రత్యేక అనుమతితో ఆర్చిబిషప్ సీగ్‌ఫ్రీడ్ తన అన్న కొడుకుని వారసుడిగా ప్రకటించాడు; నాటి నుంచి రైన్ తీరమంతా ఆ వంశం ఏలుబడిలోకి వచ్చింది."

ఒక్క వాక్యం. మధ్యలో ఒక సెమికోలను. రెండు తరాలు నడిచిన పొలం తగాదా గురించి అడిగితే, "తర్వాత రాజీ పడ్డార్లెండి" అని చెప్పి లేచిపోయినట్టుంది. ఆ 1293 సంగతి తర్వాత చెప్తాను. దానికి వేరే కోపం ఉంది.

నీ ఊహ బావుంది, కాదనను. 1288 జూన్ 5న జర్మనీలో కొలోన్ దగ్గర వోరింగెన్ పొలాల్లో ఓడిపోయిన ఆర్చిబిషప్ సీగ్‌ఫ్రీడ్‌ని నువ్వు గెలిపించావు. గెలిచినవాడు రైన్ నది పొడుగునా ఒక చర్చి రాజ్యం కట్టాడు. సరే. అసలు ఆ యుద్ధం ఎందుకొచ్చింది? లింబుర్గ్ డ్యూక్‌కి కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురూ 1283లో పిల్లల్లేకుండానే పోయింది. దిక్కులేకుండా మిగిలిన ఆ చిన్న డచీ కోసం చుట్టుపక్కల ప్రభువులందరూ ఐదేళ్లు కొట్టుకుని చివరికి ఆ పొలాల్లో తేల్చుకున్నారు. అంటే వారసుడు లేని భూమి కోసం యుద్ధం. అందులో ఒక పక్షానికి పెద్ద ఎవరయ్యా అంటే, పెళ్లి చేసుకుని వారసుణ్ని కనడానికే వీల్లేని చర్చి మనిషి. ఇలాంటి ముడి దొరికితే నేనైతే రెండేళ్లు నిద్రపోయేదాన్ని కాదు. నువ్వు దాన్ని 22 పేజీల పాటు గుర్రాలతో తొక్కించావు.

నీ యుద్ధంలో వర్షం పడుతుంది. ఆర్చిబిషప్ గుర్రం వెనక కాళ్ల మీద లేస్తుంది. ఆయన ఒక్కడే పదిమందిని నరుకుతాడు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఒక్కటే తక్కువ. దీన్ని ఇప్పుడు ఎలివేషన్ అంటున్నారట. మా రోజుల్లో పేజీలు నింపడం అనేవాళ్లం. అక్కడ నిజంగా జరిగిందేమిటో నీకు తెలీదనుకుందామంటే, నాకు రాసిన ఉత్తరంలో నువ్వే రాశావు. బెర్గ్ ప్రాంతపు రైతులు మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలు పట్టుకుని ఆర్చిబిషప్ సైన్యం మీద పడ్డారు. వాళ్లని ఉసిగొల్పి ముందు నడిచినవాడు వాల్టర్ డొడ్డె అనే మఠ సోదరుడు. ఎవరి గుర్తు ఏదో తెలియక, ఇనప తొడుగు కనిపించిన ప్రతివాణ్నీ బాదారు, సొంత పక్షంవాళ్లతో సహా. ఆర్చిబిషప్ మీదికి ఒక సన్యాసి రైతుల్ని తోలుకొచ్చాడు! ఈ ముక్క ఉత్తరంలో పెట్టి నవలలో ఎందుకు వదిలేశావు? నీ హీరో గెలుపుకి అడ్డొచ్చిందనేగా?

మొత్తం ఏడు ప్రశ్నలు అడిగావు. వరసలో జవాబు చెప్పడం నా వల్ల కాదు. ఉత్తరంలో పద్నాలుగు చోట్ల "మేడమ్" అన్నావు, అది మాత్రం మానెయ్. మీ అమ్మ నన్ను పిన్నీ అంటుంది. నువ్వు ఏదో ఒక వరస పెట్టి పిలువు.

ఇక అసలు సంగతి. బిషప్‌ల చేతికి అంత భూమి ఎలా వచ్చింది? భక్తి వల్ల అని మూడు చోట్ల రాశావు. భక్తి ఉంది. చచ్చేముందు నరకం భయంతో రాసిచ్చిన మాన్యాలూ ఉన్నాయి. కానీ రాజులు మాత్రం లెక్క చూసుకునే ఇచ్చారు. ఒక కౌంట్‌కి ఒక ప్రాంతం అప్పగిస్తే, వాడు పోగానే కొడుకొచ్చి ఇది మా నాన్నది అంటాడు. మూడో తరానికి అది రాజు ఇచ్చిందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. బిషప్‌కి ఇస్తే ఆ బెడద లేదు. ఆయన కన్నుమూయగానే కుర్చీ ఖాళీ. రాజు మళ్లీ తన మనిషిని తెచ్చి కూర్చోబెట్టుకోవచ్చు. జర్మన్ రాజు మొదటి ఒట్టో 953లో సొంత తమ్ముడు బ్రూనోకి కొలోన్ ఆర్చిబిషప్ పీఠమూ ఇచ్చాడు, లొథరింగియా డ్యూక్ పదవీ ఇచ్చాడు. బిషప్ చేతికర్రా డ్యూకు కత్తీ ఒకే మనిషి దగ్గర. నువ్వు రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే ఊరి కథే ఇది.

కొడుకు లేకపోవడమే ఆ మనిషికి అర్హత. అదే అతని కాలికి తాడు కూడా. భూమి రావడానికీ చేతిలో నిలవకపోవడానికీ కారణం ఒక్కటే. నీ 186వ పేజీ ఆ తాడు తెంపేసింది. తెంపాక మిగిలేది బిషప్ కాదు, ఇంకో డ్యూకు. డ్యూకుల కథ చదవాలనుకుంటే నీ దాకా ఎవరూ రానక్కర్లేదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పే మాట అనుకోకు. మా నాన్న కరణం. మేం ముగ్గురం ఆడపిల్లలం. నాకు పన్నెండేళ్లప్పుడు ఆయన పోయారు. అప్పట్లో కరణీకం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, కూతుళ్లు ఆ చాప మీద కూర్చునే మాటే లేదు. మా పెదనాన్న కొడుకు పేర ఆర్డరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఊరి అడంగళ్లూ లెక్కల పుస్తకాలూ మా ఇంట్లో ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. మున్సబుగారు వచ్చి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని వెళ్లిపోయారు. మా అమ్మ రాత్రిళ్లు ఆ పెట్టె మీద బొంత పరుచుకుని పడుకునేది. సగం శరీరమే పట్టేది. కాళ్లు కిందకి వేలాడుతుండేవి.

మొదటి వారం పరామర్శకి వచ్చారు. రెండో వారం నుంచి రావడం మొదలుపెట్టినవాళ్లు వేరు. దీపాలు పెట్టాక వచ్చేవాళ్లు. నాన్న బతికుండగా మా అరుగు ఎక్కని ఒక పెద్దరైతు మామిడిపళ్ల బుట్ట దించి, "మా తూర్పు గట్టు ఒక్కసారి చూసుకోవాలమ్మా, అంతే" అన్నాడు. ఆ గట్టుకి అవతలివాడు మూడో రోజున నేతి డబ్బా తెచ్చాడు. అమ్మ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: తాళంచెవి నా దగ్గర లేదు. ఒక్కడూ నమ్మలేదు. ఒకాయన ఏమీ తేకుండా వచ్చి, తెల్లారేదాకా అరుగు మీద కూర్చుని, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయాడు. అమ్మ అందరికంటే ఆయనకే భయపడింది. చివరికి మా అన్నయ్య ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చాడు. పెట్టె తెరవకముందు చేసిన మొదటి పని, అటక మీద బుట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం.

చాలా ఏళ్ల తర్వాత రెండో ఫ్రెడరిక్ రాజు 1220లో జర్మనీ బిషప్ ప్రభువులకి రాసిచ్చిన పత్రం చదివాను. దాంట్లో మొట్టమొదటి హామీ ఏమిటో తెలుసా? ఇకమీదట చర్చి ప్రభువు ఎవరు చనిపోయినా ఆయన సొత్తు మా ఖజానాకి పట్టుకుపోం అని. ఆ తర్వాతే వాళ్ల ఒప్పుకోలు లేకుండా వాళ్ల నేలమీద కొత్త సుంకాలు పెట్టం, కొత్త టంకశాలలు పెట్టం అనే హామీలు. అంటే అంతదాకా ఏం జరిగేదో ఊహించుకో. బిషప్ ఊపిరి ఆగగానే గుర్రాలు, గిన్నెలు, కొట్లో గింజలు, అన్నీ బళ్లకెక్కేవి. ఆ హామీ చదువుతుంటే నా కళ్లముందు మా అమ్మ కాళ్లు కనపడ్డాయి, పెట్టె మీంచి వేలాడుతూ.

అందుకే చెప్తున్నాను, మత ప్రభువు రాజ్యం గురించి రాసేవాడు పీఠం మీద కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెట్టకూడదు. పీఠం ఖాళీగా ఉన్న నెలల దగ్గర మొదలుపెట్టాలి. ఇది నా పిచ్చి అని నా తోటి రచయితలు నవ్వుతారు. నవ్వనీ. పీఠం అనే మాటే చూడు. లాటిన్‌లో బిషప్ కుర్చీని కతేద్రా అంటారు, దాని పేరు మీదే కథీడ్రల్ వచ్చింది. ఆ కుర్చీ కోసం కట్టిన గుడి. మన గుంటూరు వైపు కథోలిక క్రైస్తవులు బిషప్‌ని పీఠాధిపతి అంటారు, పాతవాళ్లు మేత్రాణి అనేవాళ్లు. నువ్వు నవలంతా "బిషప్ రాజు, బిషప్ రాజు" అని రాశావు, రెండు మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పీఠం అను. ఖాళీ పీఠం అంటే తెలుగువాడికి వెంటనే అర్థమవుతుంది. సగం కథ ఆ మాటే చెప్పేస్తుంది.

భూమి పట్ల వాళ్ల ఆశ ఎలాంటిదో చూపించడానికి యుద్ధం అక్కర్లేదు. 1111 ఫిబ్రవరి 12 చాలు. రోములో సెయింట్ పీటర్స్ చర్చి. లోపల జర్మన్ రాజు ఐదో హెన్రీ, రెండో పాస్కల్ పోపు. బిషప్‌కి పదవి గుర్తులుగా ఉంగరం, చేతికర్ర ఇచ్చే హక్కు రాజుదా పోపుదా అని ముప్పై అయిదేళ్లుగా తగువు. పాస్కల్ సన్యాసి మనిషి, చాలా సూటిగా ఆలోచించాడు: బిషప్‌లు రాజు దగ్గర్నుంచి వచ్చిన ఊళ్లు, సుంకాలు, టంకశాలలు అన్నీ రాజుకే తిరిగిచ్చేస్తారు, రాజు ఉంగరం జోలికి రాడు, తగువు తీరిపోతుంది. ముందే ఒప్పందం రాసుకున్నారు. పట్టాభిషేకం రోజు దాన్ని పైకి చదివారు. చదువుతుండగానే గుడిలో గోల. తమ ఊళ్లు పోతాయని తెలిసిన జర్మన్ బిషప్‌లు సాక్షాత్తు పోపు ముందే అరుపులు, కేకలు. ఒప్పందం అక్కడే చచ్చిపోయింది. హెన్రీ పోపునీ కార్డినల్స్‌నీ పట్టుకుపోయి రెండు నెలలు బందీగా ఉంచి, ఉంగరం ఇచ్చే హక్కు రాయించుకుని, పట్టాభిషేకం చేయించుకున్నాడు. ఆ మరుసటి ఏడు చర్చి సభ అదీ చెల్లదంది.

చూడు, పోపు స్వయంగా వదలమంటే వదల్లేదు. అలాంటివాళ్ల భూమి పెరిగిందని రాయడానికి 412 పేజీలు ఎందుకు? పెరగాలనే వాళ్లూ చూస్తున్నారు. పెరిగినకొద్దీ ఎవరు అడ్డం పడతారో రాయి. కొలోన్‌లోనే ఇంకో మనిషి ఉన్నాడు, నువ్వు ఒక్క పేరాతో సరిపెట్టావు: మొదటి ఎంగెల్‌బర్ట్ ఆర్చిబిషప్. 1218లో అన్న చనిపోతే బెర్గ్ కౌంటీ కూడా తానే పట్టుకున్నాడు. అన్న కూతురు, ఆమె మొగుడు, లింబుర్గ్ వాళ్లు, అది మాదని మొత్తుకున్నారు. ఏటా ఇంత అని డబ్బు ముట్టజెప్పి నోరు మూయించాడు. కొలోన్ పీఠం, బెర్గ్ భూములు ఒకే చేతిలో. నీ నవల అడిగే రాజ్యం ఏడేళ్లపాటు నిజంగానే ఉంది! 1225 నవంబర్ 7న సొంత బంధువే, ఇసెన్‌బర్గ్ ఫ్రెడరిక్, దారి కాచి చంపించాడు. ఎస్సెన్ సన్యాసినుల మఠానికి రక్షకుడి హోదా ఉండేది ఆ ఫ్రెడరిక్‌కి. రక్షణ పేరుతో మఠం భూముల్ని పిండుకుంటున్నాడని ఎంగెల్‌బర్ట్ అడ్డుకున్నాడు. అదీ తగువు. ఆయన పోగానే బెర్గ్ మళ్లీ అన్న కూతురి మొగుడికే వెళ్లింది. మనిషితో వచ్చింది మనిషితోనే పోయింది. అరవై మూడేళ్ల తర్వాత వోరింగెన్‌లో ఆర్చిబిషప్ వెన్ను విరిచినవాడు ఎవరు? ఆ బెర్గ్ ఇంటి అడాల్ఫే. సీగ్‌ఫ్రీడ్‌ని పట్టుకుపోయి తన కోటలో ఏడాదికి పైగా కూర్చోబెట్టాడు. ఈ రెండు సంగతులూ నీ నవలలో ఉన్నాయి, 90 పేజీల దూరంలో. ఒకదానికొకటి చుట్టాలని నీకే తెలిసినట్టు లేదు.

"మరి అన్న కొడుక్కి కట్టబెట్టడం అసాధ్యమా పిన్నీ?" అంటావు. అసాధ్యం కాదు, అదే నా బాధ. నీ ఊళ్లోనే జరిగింది. 1582 చివర్లో గెబ్‌హార్డ్ అనే కొలోన్ ఆర్చిబిషప్ ప్రొటెస్టెంట్ అయ్యాడు, ఆ మరుసటి ఏడు ఆగ్నెస్ అనే ఆవిడని పెళ్లాడాడు, పీఠం భూములు మాత్రం వదలనన్నాడు. ఐదేళ్లు యుద్ధం. పెళ్లాం మిగిలింది, భూమి పోయింది. అంతకుముందు 1525లో ప్రష్యాలో ట్యుటానిక్ సైనిక సన్యాసుల పెద్ద ఆల్బర్ట్ కూడా ఇదే పని చేసి నెగ్గాడు. ఎలా? లూథర్ వైపు మారి, సన్యాసం వదిలి, పెళ్లి చేసుకుని, డ్యూక్ అయి. అంటే నీ సెమికోలను దాటడానికి నిజం మనిషికి మతమే మార్చాల్సొచ్చింది.

ఇంకా తమాషా ఏమిటంటే, గెబ్‌హార్డ్‌ని తరిమాక కొలోన్ పీఠం బవేరియా వాళ్ల ఇంట్లో పడింది. 1583 నుంచి 1761 దాకా, 178 ఏళ్లు, వరసగా ఐదుగురు ఆర్చిబిషప్‌లు, అందరూ ఒకే ఇంటివాళ్లు. చాలావరకు బాబాయి తర్వాత అబ్బాయి. అబ్బాయిని ముందే సహాయకుడిగా ఎన్నిక చేయించడం, పీఠం ఖాళీ అయ్యే వేళకి అక్కడ సిద్ధంగా ఉంచడం, అదీ కిటుకు. పోపు ముద్ర ఒక్కసారి పడితే వంశానికి రాసిచ్చినట్టు కాదు. ప్రతి తరంలోనూ ఆర్చిబిషప్‌ని ఎన్నుకునే కథీడ్రల్ కానన్ల ఇళ్లకి మళ్లీ మొదట్నుంచి తిరగాలి, ఒక్కొక్క ఓటూ మళ్లీ సంపాదించుకోవాలి. ఇవన్నీ వోరింగెన్ తర్వాత మూడు వందల ఏళ్లకి. నీ సీగ్‌ఫ్రీడ్ ఆ కిటుకు 1290ల్లోనే కనిపెట్టాడని రాస్తే? ఎంత ఖర్చయ్యేది? ఏ కానను అమ్ముడుపోయేవాడు, ఏ కానను అరుగు మీద తెల్లారేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు? నేను డబ్బిచ్చి కొనుక్కుని చదువుతాను ఆ నవల.

లెక్కలంటే పాఠకులు పారిపోతారని నీకెవరో చెప్పినట్టున్నారు. నాకూ చెప్పారు. 1981లో ఒక వారపత్రికకి చెరువు నీటి వంతుల మీద చారిత్రక సీరియల్ రాశాను. ఏ పొలానికి ఎన్ని గడియల నీళ్లు, తూము కాపలావాడికి ఎన్ని కుంచాల ధాన్యం, అన్నీ కూర్చుని పోగుచేశాను. ఎడిటర్‌గారు నాలుగో భాగం వెనక్కి పంపించారు, మీద ఎర్రసిరాతో: "లెక్కలు ఎవరు చదువుతారమ్మా? తూములో ఒక పాముని పెట్టండి." అప్పుడు క్షుద్రశక్తుల నవలల హవా, ప్రతి పత్రికలోనూ నిమ్మకాయలూ పుర్రెలూ. సిగ్గు విడిచి చెప్తున్నాను, పెట్టాను. పాము బ్రహ్మాండంగా క్లిక్కయింది. పాఠకుల ఉత్తరాలన్నీ పాము గురించే. 26 వారాల సీరియల్‌కి 14 వారాల డబ్బులు వచ్చాయి, మిగతావి ఇవ్వకుండానే ఆ పత్రిక మూతపడింది. ఆయనిప్పుడు లేరు. ఉంటే ఈ ఉత్తరం కాపీ ఒకటి పంపేదాన్ని.

నీ నవలలో పాము అంటే ఆ 22 పేజీల గుర్రాలే. ఎవరు పెట్టమన్నారో నాకు తెలీదు, ఎవరూ అనకపోయినా నువ్వే విని ఉంటావు.

చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తాను. 34వ పేజీలో సీగ్‌ఫ్రీడ్ ఆలుగడ్డల కూర తింటున్నాడు. కొలంబస్ పుట్టడానికే ఇంకా నూట అరవై ఏళ్లుంది నాయనా. కొలోన్ కథీడ్రల్ పునాది 1248లో వేస్తే, నీ గెలుపు పుణ్యమా అని 1300కల్లా రెండు శిఖరాలూ లేచాయి. నిజంలో 1880 దాకా పూర్తికాలేదు. సగం కట్టిన దక్షిణ శిఖరం మీద ఆ పాత క్రేన్ వందల ఏళ్లు అలాగే నిలబడింది. నీది ఊహా చరిత్రే, తొందరగా కట్టుకోవచ్చు, కానీ రాయి ఎవరు మోశారు, కూలి ఏ సుంకంలోంచి వచ్చింది? మ్యాపు వెయ్యాలా అని అడిగావు. వద్దు. మ్యాపు వేస్తే రంగులే చూస్తారు.

ఇప్పుడు 1293. నువ్వు పెట్టిన ఆ ఏడాదిలో పోపు లేడు.

నాలుగో నికొలస్ 1292 ఏప్రిల్ 4న చనిపోయాడు. తర్వాతి పోపుని ఎన్నుకున్నది 1294 జూలై 5న. రెండేళ్ల మూడు నెలలు రోము పీఠమే ఖాళీ. పోపుని ఎన్నుకునే కార్డినల్స్ గుప్పెడుమంది, పన్నెండు మందికి మించరు. రోములో పెద్ద ఇళ్ల మధ్య కక్షలు వాళ్లలోనూ ఉన్నాయి. వేసవి జ్వరాల భయానికి కొందరు రియెతికి వెళ్లిపోయారు, కొందరు రోములోనే ఉన్నారు, చివరికి అందరూ పెరూజాలో చేరారు. అంతకు ఇరవై మూడేళ్ల కిందట విటెర్బోలో కార్డినల్స్ ఇలాగే తేల్చకపోతే ఊరివాళ్లు వాళ్లున్న భవనం పైకప్పు ఊడబీకించారు. ఈసారి కప్పు ఊడబీకే ఊరు కూడా దొరకలేదు. ఆఖరికి ఎవరికీ చెందని మనిషి కావాలని, ఎనభై దగ్గరపడ్డ ఒక కొండగుహ సన్యాసిని తెచ్చి కూర్చోబెట్టారు. ఐదో సెలెస్టిన్. ఐదు నెలలకే నావల్ల కాదని దిగిపోయాడు.

నువ్వు తప్పు చేశావని చెప్పడానికి కాదు ఇంత రాసింది. ఒక తప్పు తేదీ వేసి, తెలీకుండానే నీ నవల చిరునామా రాసిపెట్టావు. సీగ్‌ఫ్రీడ్ గెలిచాడు. ముసలివాడవుతున్నాడు. అన్న కొడుక్కి అనుమతి కావాలి. ఒక గుమాస్తాకి అర్జీ ఇచ్చి, నాణేల సంచి ఇచ్చి, ఆల్ప్స్ దాటించి పంపాడు. వాడు రోముకి చేరేసరికి కుర్చీ ఖాళీ. రియెతికి వెళ్లమన్నారు, వెళ్లాడు. పెరూజాకి రమ్మన్నారు, వెళ్లాడు. ఏ కార్డినల్‌కి ఎంత ఇవ్వాలో తెలీదు, ఎందుకంటే రేపు పోపు అయ్యేది వీళ్లలో ఎవరో వీళ్లకే తెలీదు. ఇటు కొలోన్‌లో అర్జీకి జవాబు రాలేదు కాబట్టి కానన్లు ఒక్కొక్కరే మొహం తిప్పుకుంటున్నారు. సంచి తేలికవుతోంది. నిజం సీగ్‌ఫ్రీడ్ 1297లో పోయాడు. అప్పటికి నీ గుమాస్తా తిరిగొచ్చాడా?

ఆ గుమాస్తా ఎవరో కూడా నీ దగ్గరే ఉన్నాడు. 61వ పేజీ. నోయిస్ సుంకం రేవు. పడవ కట్టేశారు. సుంకం గుమాస్తా హెర్రింగ్ చేపల పీపా మూత తీయించి, ఉప్పునీళ్లలో వేలు ముంచి, నాకి, "ఇవి పోయిన ఏడువి, కొత్తవాటి సుంకం ఎందుకు కడతావు, తగ్గిస్తాను" అంటాడు. పడవవాడు అనుమానంగా చూస్తాడు. అప్పుడు గుమాస్తా తన చెప్పుల వైపు చూసుకుంటాడు. అంతే, అర పేజీ. వాడికి నువ్వు పేరు కూడా పెట్టలేదు. 62వ పేజీలో ఆర్చిబిషప్ గుర్రమెక్కి వచ్చేశాడు, వాడు మళ్లీ కనపడలేదు. ఆ అర పేజీలో ఒక చర్చి ప్రభువు రాజ్యం ఎలా తింటుందో, ఎలా తినిపిస్తుందో మొత్తం ఉంది. మా నాన్న సంతకానికి ముందు ఒక్కోసారి చెప్పుల వైపు అలాగే చూసుకునేవారు. అది నీకెలా తెలిసిందో నాకర్థం కాలేదు.

ఎస్-11 రైల్లో వోరింగెన్ మీదుగానే రోజూ వెళ్తానన్నావు. ఒక ఆదివారం దిగు. ఫోటోలు తీయకు. రైన్ ఒడ్డుకి ఎంత దూరమో నడిచి చూడు, నేల ఎక్కడ మెత్తగా ఉందో, దుడ్డుకర్ర పట్టుకున్న రైతు ఏ వైపు నుంచి వస్తే సూర్యుడు కళ్లలో పడతాడో చూడు. తర్వాత నాకు రాయి, టైపు చెయ్యకుండా చేత్తో.

పోటీకి పంపాలా, ఇంగ్లిష్‌లో రాయాలా అన్నవాటి గురించి ఇంకోసారి చెప్తాను. కళ్లు మంటగా ఉన్నాయి.

ప్రింటు కాగితాలన్నీ మీ మేనమామకి ఇచ్చి పంపుతున్నాను. పెన్సిల్ రాతలు ఎక్కువున్నాయి, కోప్పడకు. 61వ పేజీ వాటిల్లో ఉండదు. అది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆశీస్సులతో,
పిన్ని